మౌనము అంగీకారము కాదు



మన యువజన కూటములో ఒక పిల్లవాడు నన్నిట్లు అడిగెను. "అయ్యగారూ, మన కొండమీదుగా రాత్రివేళ విమానములు పోవుచున్నవి గదా. పైనున్నవానికి క్రిందివారితో మాట తెగిపోయినయెడల వాడేమి చేయును? మన ఊరిలో ఫోను అందనప్పుడు మనము గుట్ట ఎక్కుదుము. వాడు ఇంక ఎక్కడికి ఎక్కును?" తక్కిన పిల్లలు నవ్విరి గాని, ఆ ప్రశ్న నవ్వి విడిచిపెట్టదగినది కాదు. చదివి తెలిసికొనినంతవరకు దానికి జవాబును ఈ నెల పాఠముగా వ్రాయుచున్నాను.

మన పెద్దలు "మౌనం అర్ధాంగీకారం" అని చెప్పుదురు. పెండ్లి మాటలలో అది చెల్లుబాటగును. పిల్లను అడిగితిమి, ఆమె తలవంచుకొనెను, సరేయని అనుకొంటిమి. (అక్కడ సైతము అది ఎంతవరకు న్యాయమో తల్లిదండ్రులు ఆలోచింపవలెను.) ఆకాశమార్గములో మాత్రము ఈ సామెతను నమ్మి వందలమంది ప్రాణములు పోగొట్టుకొనిరి. అవతలివాడు పలుకకపోయిన యెడల, విన్నాడని గాని ఒప్పుకొన్నాడని గాని క్షేమముగా ఉన్నాడని గాని అనుకొనకూడదు. వైమానికులు ఈ ఒక్క సంగతిని ఎంతో వెల పెట్టి నేర్చుకొనిరి.

ముందుగా రేడియో పనిచేయు విధము తెలియవలెను. విమానము నడుపు పైలట్టును, నేలమీద దారి చూపు కంట్రోలరును వీహెచ్ఎఫ్ అను రేడియో తరంగములమీద మాటలాడుకొందురు. ఈ తరంగములు ఇంచుమించు తిన్నగా పోవును. టార్చిలైటు వెలుగు గుట్టను దాటి అవతలి పల్లెలో పడనట్లే ఇవియు కొండ అడ్డము వచ్చినచోట ఆగిపోవును. భూమి గుండ్రముగా ఉన్నది గనుక కొండలు లేని మైదానములో సైతము వీటికి హద్దు ఉన్నది. విమానము 35,000 అడుగుల ఎత్తున ఉన్నయెడల సుమారు 420 కిలోమీటర్ల దూరమువరకు మాట వినబడును. 1,000 అడుగుల ఎత్తుకు దిగినప్పుడు అది 70 కిలోమీటర్లకు పడిపోవును. అరకు లోయ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. అనంతగిరి వరుసలో కొన్ని శిఖరములు 1,600 మీటర్లను దాటియున్నవి. అట్టి శిఖరముల నడుమ తక్కువ ఎత్తున ఎగురువానికి, అవతలి పక్కనున్న టవరు ఎంత దగ్గరనున్నను లేనట్టిదే. కావున మన నెత్తిమీద ఎంతో ఎత్తున పోవు పెద్ద విమానమునకు భయము తక్కువ. లోయలలో దూరి ఎగురు హెలికాప్టరుకే భయమెక్కువ.

మరియొక సంగతి. ఈ రేడియోలో ఒకేసారి ఇద్దరు మాటలాడుటకు వీలులేదు. బటను నొక్కినవాడు మాటలాడును, విడిచినప్పుడే వినును. ఒకే ఫ్రీక్వెన్సీలో పది ఇరువది విమానములు ఉండును. ఇద్దరు ఒక్కసారి నొక్కినయెడల తక్కినవారికి కీచుమను చప్పుడు తప్ప ఏమియు తెలియదు. ఒకని మైకు బటను ఇరుక్కొనిపోయి పైకి రాకున్న యెడల అందరి నోళ్లును మూతపడును. ఆ ఇరుక్కొనినవానికి మాత్రము ఆ సంగతి తెలియకపోవచ్చును. మన ఉజ్జీవ కూటములలో మైకు పట్టుకొని విడువని సహోదరులను చూచినవారికి ఇది వివరించి చెప్పనక్కరలేదు.

ఇప్పుడు మన తూర్పు కనుమలలోనే జరిగిన సంగతికి వత్తము.

2009వ సంవత్సరము సెప్టెంబరు 2వ తేదీ, బుధవారము. నాటి ముఖ్యమంత్రి డాక్టర్ వై.యస్. రాజశేఖర రెడ్డిగారు ఉదయము 8.38 గంటలకు హైదరాబాదు బేగంపేట నుండి బెల్ 430 హెలికాప్టరులో చిత్తూరు జిల్లాకు బయలుదేరిరి. ఆయనతోకూడ ఆయన ప్రధాన కార్యదర్శి, ముఖ్య భద్రతాధికారి, ఇద్దరు పైలట్లు ఉండిరి. తొమ్మిదిన్నర ప్రాంతమున హెలికాప్టరుతో రేడియో సంబంధము తెగిపోయెను. చేరవలసిన వేళకు అది చేరలేదు. నాడంతయు వాన, మబ్బు. నల్లమల అడవిమీద హెలికాప్టర్లు వెదకెను, అడవిలో పోలీసులును అటవీ సిబ్బందియు గ్రామస్థులును వెదకిరి. వదంతులు మాత్రము ఎవరిని వెదకకుండగనే ఊరూర తిరిగెను. మరునాటి ఉదయము వైమానికదళపు హెలికాప్టరు కర్నూలుకు సుమారు 40 నాటికల్ మైళ్ల దూరమున, అనగా 74 కిలోమీటర్ల దూరమున, రుద్రకొండమీద శిథిలములను కనుగొనెను. అయిదుగురిలో ఒకరును మిగులలేదు.

ఈ ప్రమాదమునకు రేడియో చెడిపోవుట కారణమని మన పల్లెలలో ఇప్పటికిని చెప్పుకొనువారు ఉన్నారు. అది సరికాదు. ఆర్.కె. త్యాగి నాయకత్వమున ఏర్పడిన విచారణ సంఘము, దొరికిన సంభాషణ రికార్డును విని తేల్చినదేమనగా: గేరుపెట్టెలోని చమురు ఒత్తిడిని గూర్చిన హెచ్చరిక దీపము వెలుగగా, పైలట్లు ఇద్దరును ఆ సమస్యకు పరిష్కారము పుస్తకములో వెదకుటలో ఆరు నిమిషములకు పైగా నిమగ్నులైయుండిరి. ఇంతలో హెలికాప్టరు తీవ్రమైన వర్షమేఘములలో ప్రవేశించెను. బలమైన క్రిందిగాలి దానిని నేలకు త్రోసెను. యంత్రములోని చిన్న లోపమును చూచుచుండగా ముందున్న పెద్ద అపాయము కంటికి ఆనలేదు.

అయితే రేడియో మౌనమునకు ఇందులో పాలు లేదా? ఉన్నది. ప్రమాదము తరువాత ఇరువది నాలుగు గంటలపాటు ఆ చోటు ఎవరికిని తెలియకపోవుటలో దాని పాలు ఉన్నది. కొండల నడుమ తక్కువ ఎత్తున ఎగురు హెలికాప్టరు రాడారు కంటికి గాని రేడియో చెవికి గాని అందకుండ చాలసేపు ఉండుట మామూలే. మామూలు గనుకనే మొదటి గడియలలో మౌనము అపాయసూచనగా తోచదు. "కొండ చాటున ఉన్నాడు, దాటిన తరువాత పలుకును" అని ఎదురుచూచుటకు వీలుండును. నా తలంపులో కొండప్రాంతపు వైమానిక ప్రయాణములో అన్నిటికంటె కష్టమైన చిక్కు ఇదే. మైదానములో మౌనము కలుగుట అపూర్వము గనుక అది వెంటనే భయము పుట్టించును. కొండలలో మౌనము నిత్యము ఉండునది గనుక దానిలోనుండి చావు మౌనమును వేరుచేయుట ఎవరికిని సులభము కాదు.

అందుకే లోకమంతటను ఒక నియమము పెట్టబడినది. ఒక విమానమునుండి రావలసిన పలుకు వేళకు రాక 30 నిమిషములు గడచినయెడల అది సందేహస్థితి అని ప్రకటింపవలెను. విచారించినను జాడ తెలియకున్న యెడల అపాయశంక అనియు, అప్పటికిని తెలియనియెడల ఆపద అనియు మెట్టుమెట్టుగా ప్రకటించి వెదకుట మొదలుపెట్టవలెను. ఎవరికి ఎంత నమ్మకమున్నను గడియారము ఆగదు. "ఏమీ కాదులే" అను మంచి మనస్సుకు ఇక్కడ చోటులేదు.

మాట బొత్తిగా తెగిపోవుటకంటె భయంకరమైనది మరియొకటి ఉన్నది. అది మాట సగము వినబడుట. బూర అస్పష్టముగా ఊదబడినయెడల యుద్ధమునకు సిద్ధపడువాడు ఎవడని పౌలు కొరింథు సంఘమువారిని అడిగిన సంగతి (మొదటి పత్రిక, 14వ అధ్యాయము) మీరెరుగుదురు. వైమానికులు ఆ ప్రశ్నకు కన్నీటితో జవాబు చెప్పవలసివచ్చెను.

మన ఉత్తర సర్కారు జిల్లాలనుండి అనేకులు తోటపనులకు వలసపోయిన మలయా దేశము మీకు తెలిసినదే. ఆ దేశపు ముఖ్యపట్టణమైన కౌలాలంపూరులో 1989 ఫిబ్రవరి 19వ తేదీన ఫ్లయింగ్ టైగర్ అను అమెరికా కంపెనీ సరకుల విమానము ఒకటి, బోయింగ్ 747 రకముది, సింగపూరు నుండి వచ్చి దిగబోవుచుండెను. కంట్రోలరు 2,400 అడుగులకు దిగుమని ఆజ్ఞ ఇచ్చెను. ఇంగ్లీషులో అంకెలను ఒక్కొక్కటిగా పలుకుదురు గనుక "టూ ఫోర్ జీరో జీరో" అనెను. పైలట్టు చెవికి ఆ మొదటి "టూ" అను అంకె, "కు" అను అర్థమిచ్చు "టు" అను చిన్న మాటగా వినబడెను. "400కు దిగుము" అని గ్రహించి, "సరే, ఫోర్ జీరో జీరో" అని తిరిగి పలికెను. కంట్రోలరు ఆ తప్పును పట్టుకొనలేదు. మారు పలుకలేదు. ఆ మౌనమును పైలట్టు ఒప్పుదలగా తీసికొనెను. భూమి దగ్గరైనదని యంత్రము హెచ్చరించుచున్నను విమానము దిగుచునేయుండి కొండను తాకెను. నలుగురు సిబ్బందియు మరణించిరి.

చూచితిరా? రేడియో చెడలేదు. ఇద్దరును మాటలాడిరి, ఇద్దరును వినిరి. నడుమ పోయినది ఒక్క అంకె. దానిని పట్టుకొనుటకు ఉండిన ఒకే వల, తిరిగి పలికిన మాటను శ్రద్ధగా వినుట. ఇప్పుడు ఎత్తులను చెప్పునప్పుడు "రెండువేల నాలుగువందలు" అని వేలు వందలు కలిపి పలుకవలెనని లోకమంతటను నియమమున్నది. ఎత్తు, దిక్కు, రన్‌వే పేరు, దిగుటకు గాని ఎగురుటకు గాని అనుమతి, వీటిలో ఏది చెప్పబడినను పైలట్టు "అట్లే" అనిన చాలదు. విన్న మాటలనే తిరిగి పలుకవలెను. కంట్రోలరు దానిని విని, తప్పున్నయెడల వెంటనే దిద్దవలెను. ఈ పనిలో సగభాగము పలుకువానిది, సగభాగము వినువానిది. రెండవ సగమే ఎక్కువగా తప్పిపోవుచున్నది. మనము వినగోరినదే మన చెవికి వినబడును గదా.

మన కొత్తవలస–కిరండూలు రైలుమార్గమును చూచినవారికి ఇది సులభముగా అర్థమగును. అన్ని సొరంగములు గల ఆ దారిలో ఒక స్టేషనునుండి మరియొకటి కంటికి కనబడదు. మన రైల్వేలలో స్టేషను మాస్టరు పక్క స్టేషనువానితోనో గేటుకాపరితోనో ఫోనులో మాటలాడి ఒప్పందము చేసికొనునప్పుడు, ఇద్దరును ఒకరికొకరు ప్రైవేటు నంబరు అను రహస్యపు అంకె ఇచ్చుకొని పుస్తకములో వ్రాసికొందురు. ఆ అంకె లేనిదే మాట జరుగలేదనియే లెక్క. గేటుకాపరి "ఊఁ" అనిన గేటు మూసినట్లు కాదు.

ఇంక మన దేశములో జరిగిన మహా విపత్తును గూర్చి చెప్పవలెను. 1996 నవంబరు 12వ తేదీ సాయంకాలమున ఢిల్లీనుండి ఒక సౌదీ విమానము, బోయింగ్ 747, ఎగిరెను. గల్ఫు దేశములకు కూలిపనికి పోవు మనవారు దానిలో అనేకులు ఉండిరి. ఎదురుగా కజకస్థాన్ దేశపు ఇల్యూషిన్ 76 విమానము ఢిల్లీకి దిగివచ్చుచుండెను. ఆ కాలములో ఢిల్లీకి వచ్చువారికిని పోవువారికిని ఆ దిక్కున ఒకే దారి. కంట్రోలరు సౌదీవానిని 14,000 అడుగులమీద నిలువుమనెను. కజక్‌వానిని 15,000 అడుగులకంటె దిగవద్దనెను. నడుమ వెయ్యి అడుగులు. అది చాలినంత ఎడమే. అయితే కజక్ విమానము 15,000 దగ్గర ఆగలేదు. హర్యానాలోని చర్ఖీ దాద్రి పొలములమీద రెండును ఢీకొనెను. సౌదీ విమానములో 312 మంది, కజక్ విమానములో 37 మంది, మొత్తము 349 మంది మరణించిరి. గాలిలో రెండు విమానములు ఢీకొనిన ప్రమాదములలో ఇంత ప్రాణనష్టము మరి ఎక్కడను జరుగలేదు.

ఎందుకిట్లు జరిగెను? న్యాయమూర్తి ఆర్.సి. లాహోటీ విచారణలో బయలుపడిన సంగతి మన పాఠమునకు సరిగా తగినది. కజక్ విమానములో కంట్రోలరుతో ఇంగ్లీషులో మాటలాడువాడు పైలట్టు కాదు, రేడియో ఆపరేటరు అను వేరొక ఉద్యోగి. అతని ముందు ఎత్తు చూపు ముల్లు లేదు. పైలట్ల భుజముమీదుగా తొంగిచూచి తెలిసికొనవలెను. విమానము నడుపువాని చేతికి ఎత్తు తెలియును గాని కంట్రోలరు మాట పూర్తిగా తెలియదు. మాట తెలిసినవానికి ఎత్తు కనబడదు. కంట్రోలరు ఎదుటి విమానము 14,000 మీద ఉన్నదని హెచ్చరికగా చెప్పినప్పుడు, ఆ అంకె తమకు ఇచ్చిన ఆజ్ఞగా ఆ గదిలో పొరపాటు పడుటకు ఎంతో చోటు ఉండెను. చివరి క్షణములలో ఆపరేటరుకు సంగతి తట్టి తమ ఎత్తు 15,000 అని చెప్పెను. పైలట్టు పైకి లేపబోయెను. అప్పటికి వేళ మించిపోయెను.

కంట్రోలరు చేతిలోనున్న రాడారు పాతది. తెరమీద చుక్క కనబడును గాని ఆ చుక్క ఎంత ఎత్తున ఉన్నదో చూపదు. ఎత్తు తెలియుటకు పైలట్టు నోటిమాటయే ఆధారము. మాట తప్పినచోట దిద్దుటకు రెండవ సాక్షి లేదు. ఈ విపత్తు తరువాతనే ఢిల్లీలో వచ్చు దారియు పోవు దారియు వేరుచేయబడెను. ఎదుటి విమానమును తానే కనిపెట్టి "ఎక్కుము" "దిగుము" అని పైలట్టుకు చెప్పు యంత్రమును మన దేశములో ఎగురు విమానములకు తప్పనిసరి చేసిరి. 349 మంది చనిపోకముందే ఈ పనులు చేయుటకు ఏమి అడ్డము వచ్చెనో మనము అడుగుట న్యాయమే. ఖర్చు అని జవాబు చెప్పినవారు ఉండిరేమో గాని, గల్ఫుకు పోయిన కూలివాని భార్యకు ఆ జవాబు వినిపించుటకు ఎవరును వచ్చియుండరు.

దీనికి ముందే, 1977 మార్చి 27న, స్పెయిను వారి టెనెరిఫె దీవిలో పొగమంచు కమ్మిన రన్‌వేమీద రెండు 747 విమానములు ఢీకొని 583 మంది చనిపోయిరి. అక్కడను అదే చిక్కు. టవరు "ఆగుము" అని చెప్పుచున్న క్షణముననే, రన్‌వేమీద ఇంకను ఉన్న రెండవ విమానమువారు "మేమిక్కడ ఉన్నాము" అని పలికిరి. రెండు మాటలు ఒకదానిపై ఒకటి పడగా, ఎగురుటకు కదలినవానికి కీచుచప్పుడు మాత్రమే వినబడెను. అనుమతి ఇచ్చునప్పుడు తప్ప "టేకాఫ్" అను మాటను నోటనే తేకూడదని ఆ తరువాత నియమము వచ్చెను.

ఇప్పుడు ఆ పిల్లవాని ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పెదను. పైనున్నవాని రేడియో బొత్తిగా మూగబోయినయెడల వాడేమి చేయును?

మొదట తన పొరపాటేమోయని చూచుకొనును. శబ్దము తగ్గించి మరచెనేమో, చెవికుప్పె తీగ ఊడెనేమో, ఫ్రీక్వెన్సీ తప్పు తిప్పెనేమో. మూగబోయిన రేడియోలలో కొన్ని ఇంతమాత్రమునకే పలుకును. తరువాత ముందటి ఫ్రీక్వెన్సీకి పోయి పిలుచును. అటుపిమ్మట 121.5 మెగాహెర్ట్స్ అను ఆపద ఫ్రీక్వెన్సీలో పిలుచును. దానిని అనేక విమానములు చెవియొగ్గి వినుచుండును. అప్పటికిని జవాబు లేనియెడల ట్రాన్స్‌పాండరు అను పెట్టెలో 7600 అను అంకె తిప్పును. క్రింద రాడారు తెరమీద అతని చుక్క పక్కన ఆ అంకె కనబడును. దాని అర్థము "నా రేడియో పోయినది" అని. అంతేకాదు, తన మాట బయటికి పోవుచున్నదేమో అను ఆశతో తాను చేయబోవుదానిని గాలిలోనికి రెండేసిమార్లు చెప్పుచునే ఉండును. నోరు పోయి చెవి మిగిలిన సందర్భములును ఉన్నవి. అప్పుడు కంట్రోలరు "నా మాట వినబడినయెడల కుడికి తిరుగుము" అని చెప్పి చూచును. చుక్క కుడికి తిరిగినయెడల వినబడినదన్న మాట.

చెవియు పోయినయెడల ఏమి? వాతావరణము నిర్మలముగా ఉన్నయెడల కంటితో చూచుచు దగ్గరలో తగిన విమానాశ్రయమున దిగును. టవరులోనున్నవాడు తుపాకివంటి దీపమును అతనివైపు గురిపెట్టి చూపును. నిలకడగా ఆకుపచ్చ వెలుగు చూపినయెడల దిగవచ్చును. నిలకడగా ఎరుపు చూపినయెడల ఇతరులకు దారి ఇచ్చి చుట్టు తిరుగుచుండవలెను. ఎరుపు మినుకుమినుకుమనినయెడల ఆ చోటు దిగుటకు క్షేమము కాదు. చూచితినని తెలుపుటకు పైలట్టు పగలైనయెడల రెక్కలాడించును, రాత్రియైనయెడల దీపములు ఆర్పి వెలిగించును. ఇంత గొప్ప యంత్రము చివరకు మన పొలము గట్టుమీద తువాలు ఊపి పిలుచుకొను పద్ధతికే వచ్చినది.

మబ్బులో ఉన్నయెడల దీపము కనబడదు. అప్పటికై వేరొక ఏర్పాటు ఉన్నది. నాకు అన్నిటికంటె ఎక్కువగా నచ్చినది అదే. పైలట్టు తనకు చివరగా ఇచ్చిన ఎత్తును వేగమును 20 నిమిషములు మార్చడు. రాడారు నిఘా ఉన్నచోట 7 నిమిషములు మార్చడు. తరువాత బయలుదేరకమునుపు కాగితముమీద వ్రాసి ఇచ్చిన దారినే పోవును. గమ్యస్థానపు గురుతుమీదికి చేరి, చెప్పిన వేళకే దిగుట మొదలుపెట్టి, అరగంటలోపల దిగుటకు ప్రయత్నించును. క్రిందనున్న కంట్రోలరుకు ఈ నియమమంతయు కంఠస్థమే. కావున అతడు ఒక్క మాటయు వినకుండగనే, మూగవాడు ఏ నిమిషమున ఎక్కడ ఉండునో లెక్కకట్టి, ఆ దారిలోనున్న తక్కిన విమానములనన్నిటిని ప్రక్కకు తప్పించును. ఇద్దరి మధ్య మాట లేదు గాని ముందుగా చేసికొనిన నిబంధన ఉన్నది. ఇక్కడ మౌనమును ఎవడును తనకిష్టమైనట్లు అర్థము చేసికొనడు.

యంత్రములు పెరిగినకొలది ఈ పాత విద్యల అవసరము పోయినదని అనుకొనవద్దు. 2025 నవంబరులో ఢిల్లీలో విమానముల ప్రయాణ పత్రములను చేరవేయు కంప్యూటరు ఏర్పాటు చెడిపోగా, కంట్రోలర్లు ఆ వివరములను చేతితో నడుపవలసివచ్చెను. వందలాది విమానములు ఆలస్యమయ్యెను. ప్రయాణికులు విసుగుకొనిరి. నాకైతే అది మంచి వార్తగా తోచెను. వేగము తగ్గించిరి, ప్రాణములు నిలిపిరి.

అయితే నిబంధనలన్నియు ఉన్నను జవాబు రాని మౌనములు ఉన్నవి. 2016 జూలై 22వ తేదీ ఉదయము మద్రాసు పక్కనున్న తాంబరము నుండి వైమానికదళపు ఏఎన్-32 విమానము 29 మందితో పోర్ట్ బ్లెయిరుకు బయలుదేరెను. వారిలో 8 మంది విశాఖపట్టణములోని నౌకాదళ ఆయుధ డిపో ఉద్యోగులు. మన జిల్లావాసుల ఇరుగుపొరుగువారు. ఉదయము 9.12 గంటల ప్రాంతమున, 23,000 అడుగుల ఎత్తునుండి ఎడమకు తిరిగి వేగముగా క్రిందికి పోవుచున్నట్లు రాడారులో కనబడి మాయమాయెను. ఆపదలో ఉన్నామన్న పిలుపు ఒక్కటియు రాలేదు. ఓడలును విమానములును వారములకొలది వెదకెను. నీటిలో మునిగిన తరువాత చప్పుడు చేసి చోటు తెలుపు పరికరము ఆ విమానములో లేదు. ఏడు సంవత్సరములకు పైగా ఆ ఇండ్లలో తలుపు చప్పుడైన ప్రతిసారి ఎవరో లేచి చూచియుందురు. 2024 జనవరిలో, చెన్నై తీరమునకు సుమారు 310 కిలోమీటర్ల దూరమున, 3,400 మీటర్ల లోతున శిథిలముల ఛాయాచిత్రములు దొరికినవని ప్రభుత్వము ప్రకటించెను. మృత్యువును నిశ్చయపరచు వార్త సైతము ఒక విధమైన ఉపశమనమని ఎదురుచూచి అలసినవారికి తెలియును.

నేలమీద పడిన విమానమునకు ఈఎల్‌టీ అను చిన్న పెట్టె ఉండును. దెబ్బ తగులగానే అది తనంతట తానే 406 మెగాహెర్ట్స్‌మీద కేకవేయును. ఉపగ్రహములు దానిని విని బెంగుళూరులోని కేంద్రమునకు తెలుపును. కాని దాని ఏంటెన్నా విరిగినను, మంటలో కాలినను, లోతైన లోయలో ఆకాశము కనబడకపోయినను ఆ కేక పైకి పోదు. అప్పుడు కొండమీద మిగులునది మనుష్యుల కన్నును చెవియును మాత్రమే. మన అరకు, అనంతగిరి, పాడేరు కొండలలో ఆ మనుష్యులు మనమే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి మన కాఫీతోటల సిల్వరోకులను పడగొట్టినప్పుడు, విశాఖ విమానాశ్రయపు కప్పు లేచిపోయినప్పుడు, సెల్‌ఫోనులన్నియు మూగబోయినప్పుడు, కాలినడకను వచ్చిన కబురే కబురాయెను గదా.

కావున ప్రతి గూడెములోను పెద్దలు కూర్చుండి కొన్ని సంగతులు ముందే అనుకొనియుండుట మంచిది. విమానము గాని హెలికాప్టరు గాని చెట్ల కొనలను తాకునంత తక్కువగా పోయి చప్పుడు ఆగిపోయినయెడల వేళ ఎంతయో చూచి గురుతుపెట్టుకొనవలెను. ఏ కొండవైపునుండి ఏ కొండవైపు పోయినదో, పొగ ఎక్కడ లేచినదో, అది ఏ గెడ్డకు ఎగువనున్నదో దిగువనున్నదో చెప్పగలుగవలెను. పైనుండి వెదకువానికి మన గెడ్డ పేరు తెలియదు, కాబట్టి దగ్గరి రోడ్డు మలుపో రైలు స్టేషనో కలిపి చెప్పవలెను. ఫోను అందు గుట్ట ఏదో పిల్లలకు సైతము తెలిసిన సంగతే. అక్కడికి పరుగెత్తువాడు ఒకడు, 112కు చేయువాడు ఒకడు, సచివాలయమునకు పోవువాడు మరియొకడు అని ముందే ఏర్పరచుకొనవలెను. ఫోనులో చెప్పినవాడు, అవతలివాడు ఊరి పేరును కొండ పేరును తిరిగి పలుకువరకు పెట్టివేయకూడదు. మన ఊళ్ల పేర్లు వారి చెవికి కొత్త. ఒకే పేరుగల గూడెములు రెండు మూడు మండలములలో ఉన్నవి గనుక మండలము పేరు, పంచాయతీ పేరు కలిపి చెప్పి, వాటినిగూడ తిరిగి చెప్పించుకొనవలెను.

పడినచోటికి చేరినవారు మొదట బ్రతికియున్నవారిని చూడవలెను. మంటయున్నచోటికి, చమురు వాసన కొట్టుచోటికి గుంపుగా పోవద్దు. బ్రతికినవారికి సహాయము చేయుటకు తప్ప ముక్కలను కదల్చవద్దు. నారింజరంగు పెట్టె ఏదైనను కనబడినయెడల దానిని ఎవరును ఇంటికి తీసికొనిపోకూడదు. దానిని నల్లపెట్టె అని అందురు గాని దాని రంగు నారింజయే. పైలట్లు చివరగా మాటలాడిన మాటలు దానిలోనే ఉండును.